సీఆర్‌ఎం సర్వర్లు ప్లాన్ చేయడం ఎలా: యూజర్ల లెక్క నుంచి కటోవర్ దాకా

సీఆర్‌ఎం (కస్టమర్ల వివరాలు, వాళ్లతో జరిగే సంభాషణలు దాచే సాఫ్ట్‌వేర్) పెట్టుకుందామని నిర్ణయం కాగానే అందరూ అడిగేది "ఎన్ని కోర్లు, ఎంత ర్యామ్?" అని. దానికి జవాబు చివర్లో రావాలి. ముందు మూడు సంగతులు తేల్చుకోండి. రద్దీ గంటలో సర్వర్ మీద ఎంత పని పడుతుంది? ఏడాదికి డేటా ఎంత పెరుగుతుంది? అంతా పోతే ఎంతసేపట్లో మళ్లీ నిలబెట్టాలి? ఈ మూడూ తేలితే మిగిలినవన్నీ గుణకారాలే. తేలకుండా కొంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది, లేదా మొదటి రద్దీ రోజునే సర్వర్ మొరాయిస్తుంది.

ఇక్కడ 150 మంది సేల్స్, సపోర్ట్ సిబ్బంది వాడే సీఆర్‌ఎంని ఉదాహరణగా పెట్టుకుని లెక్క మొత్తం వేద్దాం. ఓడూ, ఎస్పోసీఆర్‌ఎం, సూట్‌సీఆర్‌ఎం లాంటి వాటిని సొంతంగా హోస్ట్ చేసుకునేవాళ్లకి పద్ధతి ఒకటే. అంకెలు మాత్రం మీవి పెట్టుకోండి. డేటాబేస్ సెట్టింగులు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌వి చెప్తున్నాం, మరో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌కి ముఖ్యమైన తేడా ఉన్నచోట అదీ చెప్తాం.

1. రద్దీ గంట లెక్క

లైసెన్సులు 150 ఉన్నాయంటే 150 మందీ ఒకేసారి క్లిక్ చేస్తారని కాదు. వారం మొదటి రోజు పొద్దున్నే, అందరూ ఆ రోజు కాల్ లిస్టు తెరిచే గంటను తీసుకోండి. అప్పుడు 60 శాతం మంది చురుగ్గా ఉన్నారనుకుంటే 90 మంది. ఒక్కొక్కరు 10 సెకన్లకొక క్లిక్ చేస్తే సెకనుకు 9 క్లిక్‌లు.

చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు. ఇప్పటి సీఆర్‌ఎంలలో ఒక క్లిక్ అంటే సర్వర్‌కి ఒక రిక్వెస్ట్ కాదు. కస్టమర్ రికార్డు తెరిస్తే వివరాలకి ఒకటి, పక్కన కనిపించే యాక్టివిటీల జాబితాకి ఒకటి, నోటిఫికేషన్లకి ఒకటి, మొత్తం ఎన్ని రికార్డులో చూపించే కౌంట్‌కి ఇంకొకటి వెళ్తాయి. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో మీ సాఫ్ట్‌వేర్ ఎన్ని పంపుతోందో లెక్కపెట్టండి. బొమ్మలు, జావాస్క్రిప్ట్ ఫైళ్లు వదిలేయండి. ఆరు వచ్చాయనుకుందాం. సెకనుకు 54 రిక్వెస్టులు.

ఒక్కో రిక్వెస్టుకి సగటున 0.25 సెకన్లు పడితే, ఏ క్షణంలో చూసినా 54 × 0.25, అంటే 13.5 వర్కర్లు (ఒక్కోసారి ఒక్క రిక్వెస్టునే తీసుకుని పనిచేసే ప్రాసెస్‌లు) పనిలో ఉంటాయి. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రమే ఇది: వచ్చే వేగాన్ని లోపల గడిపే సమయంతో గుణిస్తే లోపల ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది. ఓడూ డాక్యుమెంటేషన్ ఒక వర్కర్‌కి సుమారు ఆరుగురు చురుకైన యూజర్లు అని ఇచ్చే అంచనాతో సరిచూస్తే 90కి 15 వస్తాయి. రెండు లెక్కలూ దగ్గర్లోనే ఉన్నాయి.

అలాగని 14 వర్కర్లు పెడితే సరిపోదు. క్యూ స్వభావం ఏమిటంటే, నిండే కొద్దీ ఆలస్యం ఒక్కసారిగా లేస్తుంది. ఒకే వర్కర్ ఉన్న సాదా క్యూలో 50 శాతం బిజీగా ఉంటే పని పూర్తికి రెండింతల సమయం, 80 శాతానికి ఐదింతలు, 90 శాతానికి పదింతలు పడుతుంది. వర్కర్లు ఎక్కువైతే ఈ దెబ్బ తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. అందుకే 65 శాతం దగ్గర ఆగేలా చూసుకోండి: 13.5 ÷ 0.65, సుమారు 21. సరి సంఖ్య కోసం 22 వేసుకుందాం.

ఇక మనుషులు కాని యూజర్లు ఉన్నారు. వెబ్‌సైట్ ఫారం, ఫోన్ సిస్టమ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో సింక్, మెయిల్ బాక్సులు తెరిచి చూసే జాబ్, ఎక్సెల్ ఇంపోర్టులు. వీటన్నిటినీ ఒక కాగితం మీద రాసి, ఎదురుగా ఏవి ఎప్పుడు నడుస్తాయో వేయండి. దాదాపు ప్రతిచోటా అన్నీ గంట కొట్టగానే, సున్నా నిమిషానికే మొదలవుతుంటాయి. వాటిని 7వ నిమిషానికి, 23వ నిమిషానికి, 41వ నిమిషానికి విడదీస్తే పైసా ఖర్చు లేకుండా శిఖరం దిగుతుంది.

2. డేటా ఎక్కడ పెరుగుతుంది

కస్టమర్ల సంఖ్య చూసి డిస్క్ కొనేవాళ్లు చాలామంది. నిజానికి కస్టమర్ రికార్డులు దాదాపు ఏమీ తినవు. 5 లక్షల కాంటాక్టులు, ఒక్కొక్కటి 2 కేబీ చొప్పున, 1 జీబీ. అంతే.

యాక్టివిటీలు చూడండి. 150 మంది, రోజుకి 40 నమోదులు, ఏడాదికి 250 పనిదినాలు: 15 లక్షల వరుసలు. వరుసకి 1 కేబీ అనుకుంటే 1.5 జీబీ. ఒక్కో నమోదుకీ ఐదు ఫీల్డులు మారితే ఆడిట్ లాగ్‌లో (ఎవరు ఏం మార్చారో దాచే పట్టిక) 75 లక్షల వరుసలు, 300 బైట్ల చొప్పున 2.25 జీబీ. ఇండెక్సుల (వెతకడం త్వరగా అయ్యేలా డేటాబేస్ కట్టుకునే సూచికలు) కోసం వీటిని రెట్టింపు చేయండి. మూడేళ్లకి మొత్తం సుమారు 25 జీబీ.

ఇప్పుడు మెయిళ్లు. మనిషికి రోజుకి 60 అంటే ఏడాదికి 22.5 లక్షలు. హెచ్‌టీఎంఎల్ సంతకాలు, కింద వేలాడే పాత సంభాషణలతో కలిపి సగటున 30 కేబీ ఉంటే ఏడాదికి 67 జీబీ పైనే. పదింటిలో ఒకదానికి అర ఎంబీ అటాచ్‌మెంట్ ఉంటే ఇంకో 112 జీబీ. మూడేళ్లలో మెయిల్ టెక్స్ట్ 200 జీబీ, అటాచ్‌మెంట్లు 340 జీబీ దాకా వెళ్తాయి. అసలు వ్యాపార డేటా 25 జీబీ, దాని చుట్టూ మెయిల్ బరువు 540 జీబీ!

కాబట్టి ప్లాన్‌లో మొదటి గట్టి నిర్ణయం ఇదే కావాలి: అటాచ్‌మెంట్లు డేటాబేస్‌లోకి రాకూడదు. ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లోనో, వేరే ఫైల్ వాల్యూమ్‌లోనో ఉండాలి. మెయిల్ టెక్స్ట్‌ని కూడా మెయిల్ సర్వర్‌లోనే ఉంచి సీఆర్‌ఎంలో లింకు మాత్రం పెట్టే వీలు మీ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే వాడండి. డిస్క్ ధర పెద్ద విషయం కాదు. రిస్టోర్ సమయం కోసమే ఇంత పట్టు. 25 జీబీ డేటాబేస్‌ని నిమిషాల్లో నిలబెట్టవచ్చు, 500 జీబీ దాటినదానికి సగం పూట పడుతుంది. తర్వాత మారుద్దాంలే అనుకుంటే, నడుస్తున్న సిస్టమ్‌లోంచి లక్షల అటాచ్‌మెంట్లు బయటికి తీయడం పెద్ద ప్రాజెక్టు అయి కూర్చుంటుంది.

3. ఎంత పోతే తట్టుకోగలరు

ఈ ప్రశ్న ఐటీ వాళ్లని కాదు, సేల్స్, సపోర్ట్ బాధ్యత చూసేవాళ్లని అడగండి. రెండు జవాబులు రాయించుకోండి: ఎన్ని నిమిషాల డేటా పోయినా పర్వాలేదు, ఎన్ని గంటలు ఆగిపోయినా పర్వాలేదు. "అసలు ఆగకూడదు" అని వస్తే అంకెలు ముందు పెట్టండి. 99.9 శాతం అంటే ఏడాదికి సుమారు 8 గంటల 45 నిమిషాలు ఆగవచ్చు. 99.99 శాతం అంటే 52 నిమిషాలే, అందులో ప్యాచింగ్ కూడా కలిసే ఉంటుంది. మొదటిదానికి రెండు యాప్ సర్వర్లు, ఒక స్టాండ్‌బై డేటాబేస్ (అసలుదాని మార్పులన్నీ వెంటవెంటనే అందుకునే రెండో కాపీ) సరిపోతాయి. రెండోదానికి మూడు చోట్ల ఏర్పాట్లు, రాత్రి పగలు చూసే మనుషులు కావాలి.

మన ఉదాహరణకి 15 నిమిషాల డేటా, 2 గంటల ఆగుదల అని పెట్టుకుందాం.

4. క్లౌడా, సొంత మెషీన్లా

రెండూ పనిచేస్తాయి. ఎంచుకున్నదాని లోపాలు ముందే తెలిసి ఉండాలి.

క్లౌడ్‌లో చౌకగా కనిపించే బర్స్ట్ రకం మెషీన్లను డేటాబేస్‌కి వాడకండి. సీపీయూ క్రెడిట్లు ఉన్నంతసేపు పరిగెడతాయి, అయిపోయాక చతికిలబడతాయి. టెస్టింగ్‌లో బాగుండి, రద్దీ రోజు మధ్యాహ్నానికి స్లో అయ్యే సిస్టమ్ వెనక చాలాసార్లు ఇదే కారణం. డిస్కుకీ అంతే: అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో జీపీ3 అనే డిస్క్ మామూలుగా 3,000 ఐఓపీఎస్ (సెకనుకు చేసే రీడ్, రైట్ల సంఖ్య), సెకనుకు 125 ఎంబీ ఇస్తుంది. మెషీన్ ఎంత పెద్దదైనా, డిస్కుకి వేరుగా డబ్బు కట్టి పెంచుకుంటే తప్ప అంతే.

సొంత మెషీన్లయితే ఈసీసీ ర్యామ్ (చిన్న తప్పుల్ని తనే సరిదిద్దుకునేది), రెండు పవర్ సప్లైలు తీసుకోండి. ఆ రెండిటినీ ఒకే యూపీఎస్‌కి తగిలిస్తే రెండు ఉన్నా ఒకటే కింద లెక్క. లోపలికి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని ఏసీ, వెంటిలేషన్ ఇంజినీర్ల సంస్థ ఆష్రే సిఫార్సు. డేటాబేస్ డిస్కులకి రైడ్ 10 పెట్టండి (రైడ్ అంటే ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా కొన్నిటిని కలిపి వాడే పద్ధతి). రైడ్ 5లో ఒక చిన్న రైట్‌కి నాలుగు డిస్క్ ఆపరేషన్లు అవుతాయి, రైడ్ 10లో రెండే. సీఆర్‌ఎంలో చిన్న చిన్న రైట్లే ఎక్కువ.

ఏది ఎంచుకున్నా ఒక్కటి మాత్రం చేయకండి: యాప్‌ని ఒకచోట, డేటాబేస్‌ని మరోచోట పెట్టడం. సీఆర్‌ఎం పేజీ ఒకటి తెరవడానికి 150 క్వెరీలు ఒకదాని తర్వాత ఒకటి వెళ్తాయనుకోండి. పక్కపక్కన ఉండి రానూపోనూ అర మిల్లీసెకను పడితే మొత్తం 75 మిల్లీసెకన్లు, ఎవరికీ తెలియదు. యాప్ క్లౌడ్‌లో, డేటాబేస్ ఆఫీసులో ఉండి 20 మిల్లీసెకన్లు పడితే మూడు సెకన్లు. ఏ సర్వర్ అప్‌గ్రేడూ ఆ మూడు సెకన్లని తగ్గించలేదు.

5. డేటాబేస్ సర్వర్

సీఆర్‌ఎం స్లో అయిందంటే చాలావరకు డేటాబేస్ దగ్గరే ఆగుతుంది. డబ్బు పరిమితమైతే ముందు ఇక్కడ పెట్టండి.

మూడేళ్ల వ్యాపార డేటా 25 జీబీ కదా. ఇండెక్సులూ, ఈమధ్య రికార్డులూ మెమరీలోనే ఉండాలంటే 32 జీబీ ర్యామ్, 8 కోర్లు, 1 టీబీ ఎన్‌వీఎంఈ డిస్క్ (వేగమైన ఎస్‌ఎస్‌డీ) చాలు. మెయిల్ టెక్స్ట్ డేటాబేస్‌లోనే ఉంచాల్సి వచ్చినా 230 జీబీ పోను బ్లోట్‌కీ (పాత వరుసలు వదిలే వృథా చోటు), తాత్కాలిక ఫైళ్లకీ, పక్కన ఇంకో కాపీ రిస్టోర్ చేసి చూసుకోవడానికీ చోటు మిగులుతుంది.

పోస్ట్‌గ్రెస్‌లో షేర్డ్ బఫర్స్ (డేటా ఉంచుకునే సొంత మెమరీ) మామూలుగా 128 ఎంబీయే ఉంటుంది. మార్చడం మర్చిపోతే 32 జీబీ మెషీన్ కొన్నదానికి పూర్తి ఫలితం రాదు. ర్యామ్‌లో నాలుగో వంతు, 8 జీబీ ఇవ్వండి. ఎఫెక్టివ్ క్యాష్ సైజ్ (ఓఎస్‌తో కలిపి డేటాకి ఎంత మెమరీ దొరకవచ్చో చెప్పే అంచనా) 24 జీబీ. ఎస్‌ఎస్‌డీ కాబట్టి ర్యాండమ్ పేజ్ కాస్ట్‌ని 4 నుంచి 1.1కి దించండి, లేకపోతే ఇండెక్స్ ఉన్నా వదిలేసి టేబుల్ మొత్తం చదివే ప్లాన్లు ఎంచుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ బఫర్ పూల్ కూడా మామూలుగా 128 ఎంబీయే. డేటాబేస్‌కే కేటాయించిన మెషీన్‌లో దాన్ని 20 జీబీ పైకి పెంచుకోవచ్చు.

వర్క్ మెమ్ (సార్ట్ లాంటి పనులకి ఇచ్చే మెమరీ) దగ్గర జాగ్రత్త. అది కనెక్షన్‌కి ఒకటి కాదు. ఒక్కో సార్ట్‌కీ, హాష్‌కీ విడివిడిగా తీసుకుంటుంది. 60 కనెక్షన్లు, ఒక్కోదాంట్లో మూడు సార్ట్‌లు, 32 ఎంబీ చొప్పున అంటే 5.8 జీబీ. దాన్ని 256 ఎంబీ చేస్తే 46 జీబీ కావాలి, మెషీన్‌లో ఉన్నది 32. అప్పుడు లైనక్స్ మెమరీ కోసం ఏదో ఒక ప్రాసెస్‌ని చంపుతుంది. పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్ ఒక్కటి అలా పోయినా, షేర్డ్ మెమరీ పాడై ఉండొచ్చని డేటాబేస్ అందరి కనెక్షన్లూ తెంపి రికవరీలోకి వెళ్తుంది. యాప్‌నీ డేటాబేస్‌నీ ఒకే మెషీన్‌లో పెట్టొద్దనడానికి కారణం కూడా ఇదే: యాప్ వర్కర్లు మెమరీ తినేస్తే బలయ్యేది డేటాబేస్.

కనెక్షన్ల పరిమితి మామూలుగా 100. మన దగ్గర రెండు యాప్ సర్వర్లకి 44, బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌లకి 8, రిపోర్టులకీ మానిటరింగ్‌కీ కొన్ని. కాబట్టి సరిపోతుంది. మీ లెక్క వంద దాటితే పరిమితిని పెంచుకుంటూ పోకండి, మధ్యలో కనెక్షన్లని పంచే పీజీబౌన్సర్ పెట్టండి.

వెతుకులాట గురించి విడిగా చెప్పాలి. సేల్స్ వాళ్లు పేరులో మధ్య ముక్కో, ఫోన్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలో కొట్టి వెతుకుతారు. రెండు వైపులా శాతం గుర్తు పెట్టిన (ముక్క మధ్యలో ఎక్కడున్నా వెతికే) లైక్ క్వెరీకి, మొదటి అక్షరాల నుంచి వెతికే మామూలు బీ-ట్రీ ఇండెక్స్ పనికిరాదు. 5 లక్షల వరుసలూ చదవాల్సిందే. పైగా కొత్త కాంటాక్ట్ సేవ్ చేసిన ప్రతిసారీ డూప్లికేట్ చెక్ కూడా ఇలాంటి క్వెరీనే నడపవచ్చు. పేరు, ఫోన్, మెయిల్ కాలమ్‌ల మీద ట్రైగ్రామ్ (మూడేసి అక్షరాల ముక్కలతో కట్టే) ఇండెక్స్ వేయండి. కోర్లు రెట్టింపు చేసినదానికన్నా ఈ ఒక్క పనికి ఎక్కువ ఫలితం కనిపించడం మామూలే.

రిపోర్టులకి వేరే డేటాబేస్ యూజర్‌ని పెట్టి, క్వెరీ 60 సెకన్లు దాటితే ఆగిపోయేలా చేయండి. వీలైతే వాటిని స్టాండ్‌బై మీదకి మళ్లించండి. స్టాండ్‌బై క్షణమో రెండు క్షణాలో వెనకబడి ఉండవచ్చు కాబట్టి, ఇప్పుడే సేవ్ చేసిన రికార్డు చూపించే పేజీలని మాత్రం అక్కడికి పంపకండి.

6. స్టాండ్‌బై: ఆటోమేటిక్ కావాలా

రెండు డేటాబేస్ మెషీన్లు మాత్రమే ఉండి ఫెయిలోవర్ (ప్రైమరీ, అంటే అసలు డేటాబేస్, పడితే స్టాండ్‌బైకి మారడం) ఆటోమేటిక్‌గా పెడితే, మధ్యలో నెట్‌వర్క్ తెగినప్పుడు రెండూ "నేనే ప్రైమరీ" అనుకుంటాయి. రెండిట్లోనూ కొత్త ఆర్డర్లు పడతాయి. వాటిని మళ్లీ కలపడం చేతులతో చేసే పని, అది రోజులు తింటుంది. ఆటోమేటిక్ కావాలంటే ఓటు వేసే మెషీన్లు కనీసం మూడు ఉండాలి. ఫెయిలోవర్ నడిపే పాట్రోనీ, దానికి ఓటింగ్ చూసే మూడు ఈటీసీడీ నోడ్లు అనేది బాగా వాడుకలో ఉన్న అమరిక.

రెండు గంటల ఆగుదల ఒప్పుకున్న 150 మంది సంస్థకి మాన్యువల్ ఫెయిలోవరే మంచిదని మా అభిప్రాయం. ఒక పేజీలో కమాండ్లతో సహా రాసి, మూడు నెలలకోసారి నిజంగా మార్చి చూస్తే, 15 నిమిషాల్లో అయిపోతుంది.

రెప్లికేషన్ స్లాట్ (స్టాండ్‌బై ఎంతవరకు అందుకుందో గుర్తుంచే ఏర్పాటు) వాడితే ఒక ప్రమాదం ఉంది. స్టాండ్‌బై ఆగిపోయి రెండు మూడు రోజులు ఎవరూ చూడకపోతే, అది వచ్చి తీసుకుంటుందని ప్రైమరీ డబ్ల్యూఏఎల్ (ప్రతి మార్పునీ ముందుగా రాసుకునే లాగ్) ఫైళ్లన్నీ దాచిపెడుతూ పోతుంది. డిస్క్ నిండుతుంది, ప్రైమరీ కూడా ఆగుతుంది. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 13 నుంచి స్లాట్ ఎంతవరకు దాచాలో పరిమితి పెట్టే సెట్టింగ్ ఉంది, కానీ మామూలుగా పరిమితి ఉండదు. మీరే పెట్టాలి.

7. యాప్ సర్వర్లు, జాబ్‌లు

రిక్వెస్ట్ పట్టే 0.25 సెకన్లలో సగం, 0.12 సెకన్లు, యాప్ సీపీయూ మీద గడుస్తాయనుకోండి. 54 × 0.12, అంటే ఆరున్నర కోర్లు. రెండు యాప్ సర్వర్లు పెట్టండి, కానీ ఒక్కోదాన్నీ మొత్తం భారం మోసేలా 8 కోర్లు, 16 జీబీతో లెక్కవేయండి. భారం చెరి సగం పంచుకునేలా చిన్నవి రెండు కొంటే, ఒకటి పడిన రోజు రెండోది కూడా పడుతుంది. మెమరీ: 22 వర్కర్లు 250 ఎంబీ చొప్పున 5.5 జీబీ, నాలుగు బ్యాక్‌గ్రౌండ్ వర్కర్లకి 1.6, ఓఎస్‌కి 2. మిగిలింది ఇంపోర్టుల కోసం ఉంచండి.

ఒక సర్వర్ నుంచి రెండుకి వెళ్లగానే బయటపడేవి ఇవి:

- సెషన్లు (ఎవరు లాగిన్ అయ్యారో చెప్పే డేటా) లోకల్ ఫైళ్లలో ఉంటే యూజర్లు ఉన్నట్టుండి లాగౌట్ అవుతుంటారు. రెండు సర్వర్లూ పంచుకునే రెడిస్‌కి (మెమరీలో డేటా దాచే సర్వర్) మార్చండి.
- అప్‌లోడ్లు లోకల్ ఫోల్డర్‌లో ఉంటే అటాచ్‌మెంట్ ఒకసారి తెరుచుకుంటుంది, ఇంకోసారి తెరుచుకోదు.
- షెడ్యూలర్ రెండు సర్వర్లలోనూ నడిస్తే కస్టమర్‌కి ఒకే రిమైండర్ రెండుసార్లు వెళ్తుంది. ఒక్క దాంట్లోనే నడిపి, అది ఆగితే తెలిసేలా అలర్ట్ పెట్టండి.

యాప్ సర్వర్ల ముందుండి రిక్వెస్టులు పంచే ప్రాక్సీ ఎన్‌జిన్‌ఎక్స్‌లో రెండు సెట్టింగులు మొదటి రోజే కాళ్లకి అడ్డం పడతాయి. అప్‌లోడ్ పరిమితి మామూలుగా 1 ఎంబీ. రెండు ఎంబీల కొటేషన్ ఫైల్ పెట్టగానే 413 ఎర్రర్. రెండోది, వెనక సర్వర్ కోసం 60 సెకన్లే ఆగుతుంది. తర్వాత 504. అసలు ఇబ్బంది ఏమిటంటే, 504 వచ్చినా డేటాబేస్‌లో ఆ క్వెరీ నడుస్తూనే ఉంటుంది. యూజర్ మళ్లీ నొక్కుతాడు, రెండోది మొదలవుతుంది. కాబట్టి లోపలివాళ్లు ముందు విరమించేలా టైమౌట్లు పేర్చండి: డేటాబేస్‌కి 50 సెకన్లు, యాప్‌కి 55, ప్రాక్సీకి 60. రిపోర్టుల యూజర్‌కి పెట్టిన 60 సెకన్లు బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచేవాటికే.

8. నెట్‌వర్క్, సర్టిఫికెట్లు, మెయిల్

ఇంటర్నెట్‌కి తెరిచి ఉండాల్సింది 443 పోర్టు (హెచ్‌టీటీపీఎస్) ఒక్కటే. 80 కూడా తెరవవచ్చు, దారి మళ్లించడానికి మాత్రమే. పోస్ట్‌గ్రెస్ 5432, మైఎస్‌క్యూఎల్ 3306, రెడిస్ 6379 బయటికి కనిపించకూడదు. అడ్మిన్ లాగిన్లు వీపీఎన్ ద్వారానే. అన్ని సర్వర్లూ ఎన్‌టీపీతో (గడియారాలు సరిచేసే సర్వీస్), యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉండాలి. గడియారం జరిగితే 30 సెకన్లకోసారి మారే రెండో అంచె కోడ్‌లు పనిచేయక లాగిన్లు ఆగిపోతాయి.

సైట్ హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్‌ని చేత్తో రెన్యూ చేసే రోజులు పోయాయి. గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47 రోజులుగా, సర్టిఫికెట్ సంస్థలూ బ్రౌజర్ల వాళ్లూ కలిసి ఉన్న సీఏ బ్రౌజర్ ఫోరం ఖరారు చేసింది. ఆటోమేటిక్ రెన్యూవల్ ఇప్పుడే పెట్టండి.

మెయిల్ పంపడానికి సొంత సర్వర్ పెట్టుకోవద్దు. చాలా క్లౌడ్‌లు బయటికి వెళ్లే 25 పోర్టుని మూసే ఉంచుతాయి. 587 మీద ఒక రిలే సర్వీస్ వాడండి. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి. జీమెయిల్ అడ్రస్‌లకి రోజుకి 5,000 మించి పంపేవాళ్లకి 2024 ఫిబ్రవరి నుంచి ఇవి తప్పనిసరి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు కూడా. ప్రచార మెయిళ్లకి వేరే సబ్‌డొమైన్ తీసుకోండి. ఒక క్యాంపెయిన్ వికటిస్తే కొటేషన్లు, ఇన్‌వాయిస్‌లు కూడా స్పామ్‌లో పడకుండా ఉంటాయి.

9. బ్యాకప్

స్టాండ్‌బై బ్యాకప్ కాదు. ఎవరైనా పొరపాటున పదివేల కాంటాక్టులు డిలీట్ చేస్తే ఆ డిలీట్ క్షణంలో స్టాండ్‌బైకీ చేరుతుంది. రైడ్ కూడా బ్యాకప్ కాదు.

పోస్ట్‌గ్రెస్‌కి వారానికొక పూర్తి బ్యాకప్, రోజూ డిఫరెన్షియల్ (పూర్తి బ్యాకప్ తర్వాత మారినవి మాత్రమే), వీటితోపాటు డబ్ల్యూఏఎల్ ఆర్కైవింగ్ పెట్టండి. పీజీబ్యాక్‌రెస్ట్ లాంటి టూల్స్ ఇందుకే ఉన్నాయి. దీంతో "మధ్యాహ్నం 2 గంటల 14 నిమిషాలకి ఎలా ఉందో అలా" తెచ్చుకోవచ్చు. ఇక్కడో మెలిక ఉంది: డబ్ల్యూఏఎల్ ఫైల్ 16 ఎంబీ నిండాకే ఆర్కైవ్‌కి వెళ్తుంది. రద్దీ లేని వేళ నిండడానికి గంటలు పట్టవచ్చు. 15 నిమిషాల హామీ నిలవాలంటే ఆర్కైవ్ టైమౌట్‌ని 5 నిమిషాలు చేయండి.

అటాచ్‌మెంట్ల బ్యాకప్ డేటాబేస్ బ్యాకప్ అయిన తర్వాత మొదలవ్వాలి. అప్పుడే డేటాబేస్ చెప్పే ప్రతి ఫైలూ కాపీలో ఉంటుంది. వరుస తిరగబడితే, మధ్యలో వచ్చిన ఫైళ్లకి రికార్డు ఉంటుంది కానీ ఫైల్ ఉండదు. డిలీట్ చేసిన ఫైళ్లని కూడా 30 రోజులు ఆగాకే నిజంగా తీసేయండి. కాన్ఫిగ్ ఫైలూ, ఎన్‌క్రిప్షన్ కీ కూడా బ్యాకప్‌లో ఉండాలి. కీ లేకుండా రిస్టోర్ చేస్తే సిస్టమ్ తెరుచుకుంటుంది గానీ, దాంట్లో దాచిన మెయిల్ పాస్‌వర్డ్‌లు, ఇంటిగ్రేషన్ టోకెన్లు ఒక్కటీ పనిచేయవు.

మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరేచోట. వేరేచోట ఉన్న కాపీకి లాగిన్ కూడా వేరేగా ఉండాలి. ప్రొడక్షన్ (నిజంగా వాడుకలో ఉన్న సిస్టమ్) అడ్మిన్ పాస్‌వర్డ్‌తోనే బ్యాకప్‌లనీ చెరిపేయగలిగితే, ర్యాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు రెండూ కలిసే పోతాయి.

రిస్టోర్ సమయాన్ని కొలవండి. 250 జీబీని 1 గిగాబిట్ లింకు మీద సెకనుకు 110 ఎంబీ చొప్పున తేవడానికే 38 నిమిషాలు. ఆపైన డబ్ల్యూఏఎల్ వర్తింపజేయాలి. డంప్ ఫైల్ నుంచి అయితే ఇండెక్సులన్నీ మళ్లీ కట్టాలి. నెలకోసారి ఖాళీ మెషీన్ మీద పూర్తిగా రిస్టోర్ చేసి, గడియారం చూసి, పట్టిన నిమిషాలు రాసిపెట్టండి. ఆ అంకె రెండు గంటలకి చేరువవుతుంటే లింకో, పద్ధతో మార్చాలి.

10. స్టేజింగ్, లోడ్ టెస్ట్

స్టేజింగ్‌కి (పరీక్షలకి వాడే సర్వర్) ప్రొడక్షన్ డేటా కాపీ తెచ్చేటప్పుడు అతి పెద్ద ప్రమాదం, అది నిజమైన కస్టమర్లకి మెయిళ్లు పంపడం. కాపీలో షెడ్యూలర్ ఉంటుంది, మెయిల్ సెట్టింగులూ ఉంటాయి. ఆన్ చేయగానే పని మొదలుపెడుతుంది. సెట్టింగ్ మార్చి ఊరుకోకండి, ఫైర్‌వాల్‌లో ఆ సర్వర్ నుంచి బయటికి వెళ్లే 25, 465, 587 పోర్టులు మూసేయండి. ఎస్‌ఎంఎస్, వెబ్‌హుక్ చిరునామాలు కూడా తీసేయండి. పేర్లు, ఫోన్లు, మెయిళ్లు మాస్క్ చేయండి, కానీ పొడవులు, అక్షరాల తీరు నిజమైనవాటికి దగ్గరగా ఉంచండి. లేకపోతే వెతుకులాట వేగం తప్పుగా కనిపిస్తుంది.

లోడ్ టెస్ట్‌కి ముందు మూడేళ్ల డేటా నింపండి. ఖాళీ డేటాబేస్ మీద ఏ సర్వరైనా పరిగెడుతుంది. టూల్ కే6, లోకస్ట్, జేమీటర్ ఏదైనా పర్వాలేదు. 90 మంది, 10 సెకన్ల విరామం, ప్రతిసారీ వేరే వేరే కస్టమర్లు. ఒకే రికార్డు తెరుస్తుంటే అంతా మెమరీలోంచి వచ్చి మోసం చేస్తుంది. సగటు చూడకండి, 95వ పర్సెంటైల్ (నూటికి 95 రిక్వెస్టులు ఎంతలోపు అయ్యాయో) చూడండి. అది ఒక సెకను లోపు ఉండాలి. టెస్ట్ నడుస్తుండగానే ఒక యాప్ సర్వర్ ఆపండి. ఆ తర్వాత పెద్ద ఇంపోర్ట్ ఒకటి, నెలాఖరు రిపోర్ట్ ఒకటి మొదలుపెట్టండి. ఆ మూడు పరీక్షల్లో నిలిచిందే మీ అసలు సామర్థ్యం.

11. మానిటరింగ్, కటోవర్

మొదటి రోజు నుంచి ఇవి చాలు: డిస్క్ 80 శాతం దాటితే, స్టాండ్‌బై 60 సెకన్లు వెనకబడితే, జాబ్ క్యూలో పాతది 10 నిమిషాలు దాటితే, బ్యాకప్ 26 గంటలుగా రాకపోతే, సర్టిఫికెట్ గడువు 14 రోజుల్లోకి వస్తే అలర్ట్. సీపీయూ అలర్టులు పెడితే రోజూ మోగి, జనం చూడటం మానేస్తారు.

పోస్ట్‌గ్రెస్‌లో ఏ క్వెరీ ఎంత సమయం తింటోందో చూపే పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ ఎక్స్‌టెన్షన్ ముందే ఆన్ చేయండి. దానికి రీస్టార్ట్ కావాలి, రద్దీలో ఆ అవకాశం దొరకదు.

కటోవర్‌కి (పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మారడం) రెండు రోజుల ముందు డీఎన్‌ఎస్ టీటీఎల్‌ని (మీ సర్వర్ చిరునామాని బయటివాళ్లు గుర్తుంచుకునే సమయం) 300 సెకన్లకి దించండి. డేటా ఇంపోర్ట్‌ని కనీసం ఒకసారి మొత్తంగా రిహార్సల్ చేసి ఎంతసేపు పట్టిందో చూడండి. ఇంపోర్ట్ నడిచేటప్పుడు వర్క్‌ఫ్లోలన్నీ ఆఫ్‌లో ఉండాలి. లేకపోతే 5 లక్షల పాత కస్టమర్లకి "మాతో చేరినందుకు స్వాగతం" మెయిల్ వెళ్తుంది. ఇంపోర్ట్ అయ్యాక అనలైజ్ నడపండి. టేబుళ్ల గణాంకాలు లేకపోతే మొదటి పొద్దున ప్లాన్లన్నీ తప్పుతాయి. వెనక్కి వెళ్లాలా వద్దా అనే నిర్ణయానికి ఒక సమయం ముందే రాసుకోండి, ఉదాహరణకి ఆదివారం సాయంత్రం 5. ఆ సమయానికి చెక్‌లిస్ట్ పూర్తి కాకపోతే చర్చ లేకుండా పాతదానికే వెళ్లాలి.

పాత సిస్టమ్‌ని ఒక నెలపాటు చదవడానికి మాత్రమే ఉంచండి, కానీ దాని షెడ్యూలర్‌నీ మెయిల్ తెచ్చే జాబ్‌నీ కటోవర్ రోజునే ఆపండి. ఆపకపోతే సపోర్ట్ మెయిల్ బాక్స్‌లోకి వచ్చే కస్టమర్ల ఉత్తరాలని పాత సిస్టమ్ ముందు చదివేసి చదివినట్టు గుర్తు పెట్టేస్తుంది. చదవనివి మాత్రమే తీసుకునే కొత్త సిస్టమ్‌కి అవి కనిపించవు. అందుకే ఆ మెయిల్ బాక్స్ పాస్‌వర్డ్ కూడా అదే రోజు మార్చేయండి.